షెడ్డు ఖాళీ చేయుట

కోళ్ల షెడ్డు తలుపు తీయగానే చాలామంది ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. ధరణి కట్టుకోదు. గుమ్మంలో నిలబడి, కళ్లు మండేదాకా, గొంతు గరగరలాడేదాకా ఆ ఘాటును నిండుగా పీల్చుకుంటుంది. లోపల ఉన్నవాటికి రాత్రింబగళ్లు అదే గాలి. వాటిని చూడ్డానికి వచ్చి తను మాత్రం గుడ్డ చాటున దాక్కోవడం ఏం మర్యాద అని పన్నెండేళ్ల కిందట మొదటి షెడ్డు దగ్గర అనుకుంది. అప్పటినుంచి అలవాటైపోయింది.

"రుమాలన్న కట్టుకోండ్రి మేడం. కొత్తోళ్లకు కండ్లు మండుతయి" అన్నాడు లింగమూర్తి.

"కొత్తదాన్ని కాదు లెండి" అంది ధరణి.

లింగమూర్తి బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్లు టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. ఇప్పటికీ ఏ కప్పు కిందికి వెళ్లినా ముందు తలెత్తి పైకి చూస్తాడు, తర్వాతే అడుగు లోపల పెడతాడు. ఇప్పుడూ రేకుల వంక చూసి, తర్వాత ఆమెకు దారి చూపించాడు.

గోదావరిఖనికి పది కిలోమీటర్ల దూరంలో, ఓపెన్‌కాస్టు గని నుంచి తీసి పోసిన మట్టిగుట్టల వెనక ఉంది ఆ షెడ్డు. లోపల ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మూడంతస్తుల ఇనుప పంజరాలు, వాటిలో పద్దెనిమిది వందల తెల్ల కోళ్లు. పంజరానికి నాలుగు. ధరణి ఒక పంజరం ముందు ఆగి, వేళ్లు చాపి జానతో కొలిచింది. జానెడు పొడుగు, దానికి కొంచెం తక్కువ వెడల్పు. అదే ఒక్కో కోడికి వచ్చే చోటు. గుడ్డు పెట్టిన వెంటనే జారిపోవడానికి పంజరం అడుగు వాలుగా ఉంటుంది కనుక, అవి ఏడాదిన్నరగా ఆ వాలు మీదే నిలబడి ఉన్నాయి. మెడల దగ్గర ఈకలు రాలి చర్మం ఎర్రగా కనిపిస్తోంది. ముక్కు కొనలు చిన్నప్పుడే కత్తిరించేశారు.

"మిమ్మల్ని నేను టీవీల చూసిన మేడం" అన్నాడు లింగమూర్తి, దాణా తొట్టిని చేత్తో సర్దుతూ. "హైదరాబాదుల రోడ్డు మీద గిట్లాంటి కేజుల గూసున్నరు. పోలీసోళ్లు కేజుతోనే లేపి వ్యాన్ల ఏసిండ్రు."

"పాత సంగతి అది."

"అప్పుడు మా ఇంటామె సారక్కతోని అన్న, ఈ పిల్లకు పనిపాట లేదానె అని." కొంచెం సిగ్గుపడ్డాడు. "ఇప్పుడు మీరే మా ఇంటికొస్తిరి."

ధరణి నవ్వింది. పంజరంలో కూర్చున్న ఆ రోజుల నుంచి ఇక్కడిదాకా రావడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. నినాదాలిచ్చింది, కోర్టుల చుట్టూ తిరిగింది, దొంగతనంగా వీడియోలు తీసింది. చివరికి ఒకరోజు, పంజరాలు వద్దని చెప్పడంతో సరిపోదు, పంజరాలున్న రైతుకు ఇంకో దారి చూపించాలి అనిపించింది. ఇప్పుడు ఆమె పనిచేసే సంస్థ, జంతువుల్ని వాడకుండా ఆహారం తయారుచేసేవాళ్లకు పెట్టుబడి పెడుతుంది. కోళ్ల షెడ్లను పుట్టగొడుగుల షెడ్లుగా మార్చే ఆలోచన ఆమెదే. పదకొండు షెడ్లు మారాయి. లింగమూర్తిది పన్నెండోది.

మధ్యాహ్నం రెండున్నర దాటింది. ధరణి నోటుపుస్తకంలో రాసుకుంటూ ఉండగా ఉన్నట్టుండి షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. పద్దెనిమిది వందల గొంతుల కలకలం, ఒక్కసారిగా ఆగిపోయింది. ఆమె చెయ్యి ఆగింది. ఏ ముక్కూ దాణా మీద లేదు. అన్ని తలలూ ఒకే వైపు, గని వైపు తిరిగి ఉన్నాయి.

"ఏమైంది?" గుసగుసగా అడిగింది.

లింగమూర్తి వేలు పైకెత్తాడు, ఆగమన్నట్టు. కొన్ని క్షణాలకు దూరంగా సైరన్ మోగింది. ఆ తర్వాత కాసేపటికి గనిలో బ్లాస్టింగ్ జరిగింది. పాదాల కింది నుంచి అదురు వచ్చి, రేకుల్ని తాకి, పంజరాల తీగల్లోంచి సన్నగా మోగుతూ వెళ్లిపోయింది.

"సైరన్ కన్న ముందుగాల వీటికి ఎరుకైతది" అన్నాడు లింగమూర్తి. "ఎట్లనో నాకు తెల్వది. బాయిల పైకప్పు దిగేముందు ఎలుకలు ఉరుకుతుండె. గట్లనే గావచ్చు."

ధరణి చాలాసేపు ఆ తెల్లటి తలల వంక చూస్తూ ఉండిపోయింది. వందల షెడ్లు చూసింది తను. ఇంత పెద్ద మౌనం ఎక్కడా వినలేదు.

షెడ్డు వెనక చిన్న గదిలో లింగమూర్తి భార్య సారక్క పుట్టగొడుగులు పెంచుతోంది. కృషి విజ్ఞాన కేంద్రంలో నేర్చుకుందట. తలుపుకు తడి గోనెసంచులు వేలాడుతున్నాయి. లోపల ఉడికించి ఆరబెట్టిన వరిగడ్డి కూరిన పాలిథిన్ సంచులు తాళ్లకు వేలాడుతున్నాయి. ప్రతి సంచి పొట్టనుండీ తెల్లటి గుత్తులు, చెవుల్లా, విచ్చుకుని ఉన్నాయి.

"మూడొద్దుల కింద గుండుసూది మొనంత ఉండె. గిప్పుడు సూడు" అంది సారక్క, ఒక గుత్తిని మెలితిప్పి తీసి ధరణి అరచేతిలో పెడుతూ. చల్లగా, బరువు తెలియకుండా ఉంది. "గడ్డిల ఏమున్నదమ్మా, పశువు గూడ బలిమికి తింటది. అండ్లకెల్లి గింత మంచి తిండి ఎల్లుతది. నాకైతె రోజు ఆశ్చర్యమే."

అక్కడే, గడ్డి మోపుల మీద కూర్చుని, ధరణి కాగితాలు చదివి వినిపించింది. యంత్రాలు ఎప్పుడు వస్తాయి, సరుకు ఎవరు కొంటారు, మొదటి ఏడాది ఎవరు వచ్చి నేర్పుతారు. ఐదో పేజీలో ఒక వాక్యం ఉంది. "శనివారంలోగా షెడ్డు ఖాళీ చేయుట." ఆ వాక్యం రాసింది ధరణే.

"శుక్రారం వీరేందర్ లారీ వస్తది" అన్నాడు లింగమూర్తి. "ముసలి కోళ్లను ఆయినె తీస్కపోతడు. శనివారం దాంక షెడ్డు సాఫ్ అయితది. మీరు ఫికర్ జెయ్యకుండ్రి."

సారక్క గుత్తులు కోస్తూనే అడిగింది. "ఇదివరకు పదకొండు షెడ్లు జేసినమంటివి గదమ్మా. అండ్లున్న కోళ్లు యాడికి వోయినయి?"

"లారీల్లో తీసుకెళ్లారు."

"నువ్వుంటివా ఆడ?"

కోళ్ల లారీలను ధరణి ఎన్నో సార్లు వెంబడించింది. కాళ్లు పట్టి తలకిందులుగా విసరడం, బుట్టల్లో కుక్కడం, అన్నీ కెమెరాలో పట్టింది. కానీ ఆ లారీలేవీ ఆమె సంతకంతో వచ్చినవి కావు.

"లేను. సంతకాలయ్యాక నేను హైదరాబాద్ వెళ్లిపోతాను."

"గట్లనా" అంది సారక్క, ఇంకో సంచి వైపు తిరుగుతూ. ఆ మాటలో నింద ఏమీ లేదు. నింద ఉంటే ధరణి తట్టుకునేది.

మర్నాడు పొద్దున లాడ్జి గదిలోంచి ఆమె పృథ్వీరాజ్‌కి ఫోన్ చేసింది. సంస్థలో ఆమెతో పాటు మొదటినుంచీ ఉన్నవాడు. లెక్కల మనిషి, అయినా మంచివాడు.

"ధరణీ, ఆ కోళ్లు మన సంతకం ఉన్నా లేకపోయినా వచ్చే నెలకి లారీ ఎక్కేవే" అన్నాడు ఓపిగ్గా. "మనం ఆపుతున్నది వాటి తర్వాత రాబోయేవాటిని. ఆ షెడ్డులోకి ఇంకెప్పుడూ కోడి రాదు. ఈ వాదన నాకు నేర్పిందే నువ్వు."

"నేనే నేర్పాను."

"అందులో తప్పుందా?"

"లేదు."

"మరి?"

కిటికీ కింద ఫస్ట్ షిఫ్టుకు వెళ్లే బస్సు ఆగింది. హెల్మెట్లు చంకన పెట్టుకుని మనుషులు ఎక్కుతున్నారు. ధరణి వాళ్లను చూస్తూ అంది. "తప్పు లేదు పృథ్వీ. కానీ పదకొండు షెడ్లు ఖాళీ చేయించాను, అందులో ఒక్క కోడినీ చేత్తో ముట్టుకోలేదు. అది నిన్ననే తెలిసింది."

ఆ పొద్దంతా తనకు తెలిసిన ఆశ్రయాలన్నిటికీ ఫోన్లు చేసింది. ఒకరు ఇరవై తీసుకుంటామన్నారు, ఇంకొకరు పదిహేను. మూడో చోట ఫోనెత్తిన ఆమె సంఖ్య విని "పద్దెనిమిదా?" అని మళ్లీ అడిగింది. పద్దెనిమిది వందలు అని చెప్పాక, క్షమించమని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నానికి ఆటో మాట్లాడుకుని షెడ్డుకు చేరింది. లింగమూర్తి నీళ్ల గొట్టాలు కడుగుతున్నాడు. సారక్క బయట రాయి మీద కూర్చుని గడ్డి ముక్కలుగా నరుకుతోంది.

"ఒకదాన్ని బయటికి తీసుకురావచ్చా?" అడిగింది ధరణి.

"మీ ఇష్టం మేడం. కని అవి నడువయి. ఎన్నడు నడిసిన పానాలు గావు" అన్నాడు లింగమూర్తి.

కింది వరుసలో, దగ్గరగా ఉన్న పంజరం తెరిచి, రెండు రెక్కలూ ఒంటికి అదిమి పట్టుకుని ఒక కోడిని బయటికి తీసింది. పట్టుకోవడం ఆమెకు తెలుసు. కాళ్లు పట్టి లాగకూడదు, రొమ్ము కింద చెయ్యి ఉండాలి. అరచేతిలో దాని గుండె, లెక్కపెట్టడానికి వీల్లేనంత వేగంగా కొట్టుకుంటోంది. పాలిపోయిన జుట్టు ఒక కంటి మీదికి వాలిపోయి ఉంది. గోళ్లు తీగను చుట్టి పెరిగి వంకర్లు తిరిగాయి.

సర్కారు తుమ్మ పక్కన, ఎండ పడుతున్న చోట నేల మీద దించి చేతులు తీసేసింది.

కోడి కదల్లేదు. కింద తీగ లేదు. అది దానికి అర్థం కావడంలేదు. ఒక కాలు పైకెత్తి, వేళ్లు ముడిచి, అలాగే గాల్లో ఉంచింది. చాలాసేపటికి దించింది. మెత్తటి మట్టిలో వేళ్లు దిగేసరికి ఉలిక్కిపడి రెండో కాలు ఎత్తింది. మళ్లీ దించింది. మెడ పక్కకు వంచి, ఒంటి కంటితో ఆకాశాన్ని చూసింది. రేకు లేని పైకప్పును చూడ్డం దానికి అదే మొదలు.

లింగమూర్తి గొట్టం కింద పడేసి వచ్చి నిలబడ్డాడు. సారక్క కత్తి పక్కన పెట్టింది.

కోడి రెండడుగులు వేసింది. తడబడుతూ, ప్రతి అడుగూ కావలసినదానికంటే ఎత్తుగా. అంతలో దాని కాళ్లు మడతపడ్డాయి. పక్కకు ఒరిగిపోయింది. ఒక రెక్క విచ్చుకుని నేలకు కొట్టుకుంటోంది, కళ్లు సగం మూతలు పడ్డాయి. ఎముకలు గుల్లబారి ఉంటాయి, బయటికి తేవడమే ప్రాణం తీసిందనుకుని ధరణి కిందికి వంగబోయింది.

సారక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. "పానం పోతలేదు బిడ్డా. తానం జేస్తంది."

నిజమే. కోడి వంకర గోళ్లతో మట్టిని గోకి, రెక్కతో ఎగజిమ్మి, వీపు మీద పోసుకుంటోంది. మెడను నేలకు ఆనించి రుద్దుతోంది. ఇటు తిరిగి, మళ్లీ అటు తిరిగి, ఈకలన్నీ ఉబ్బించి, ఒక్కో ఈక సందులోకీ ఆ బొగ్గు కలిసిన నల్లటి దుమ్మును పంపించుకుంటోంది. తెల్ల కోడి నిమిషంలో బూడిద రంగుకు తిరిగింది. మధ్యలో ఆగి, సన్నటి సాగిన గొంతుతో ఒక శబ్దం చేసింది. షెడ్డు కలకలంలో ధరణి ఎన్నడూ వినని శబ్దం.

మిషన్లో పొదిగిన గుడ్డు అది. తల్లి ఎలా ఉంటుందో తెలియదు, మట్టి ఎలా ఉంటుందో తెలియదు. ఎవరు చెప్పి పంపారు దీనికి? ఏడాదిన్నర పాటు తీగ మీద నిలబడి ఉన్నప్పుడు కూడా ఈ స్నానం దాని ఒంట్లో ఎక్కడో ఉంది. ఎదురుచూస్తూ ఉందా? ధరణి మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. పన్నెండేళ్లుగా ఆమె కోళ్ల బాధ గురించి మాట్లాడింది. ఎన్ని గంటలు, ఎన్ని గాయాలు, ఎంత చోటు, అన్నీ అంకెలతో సహా చెప్పగలదు. వాటి సంతోషం ఎలా ఉంటుందో ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ ఉండేది కాదు.

"ఫస్ట్ షిఫ్టు జేసి బాయిలకెల్లి మీదికొస్తం సూడు" అన్నాడు లింగమూర్తి నెమ్మదిగా. "మూడు గంటల ఎండ మొకం మీద పడంగనె ఎవ్వడు మాట్లాడకపోవు. అందరం గిట్లనే, కండ్లు మూస్కోని, జెర్రసేపు నిలవడేటోళ్లం. ముప్పై ఒక్క ఏండ్లల్ల ఒక్కనాడు గూడ తప్పలె." షెడ్డు వైపు చూశాడు. "నేను వీటికి మూడుపూటల దాణా పెట్టిన. నీళ్లిచ్చిన. సూదులేయించిన. గిది నాకు తెల్వదు మేడం. నిజంగ తెల్వదు."

సారక్క ధరణి వైపు తిరిగింది. "ఇంటింటికి ఇద్దాం. కాలనీల మనుషులు లేరా, మా సంఘపోళ్లు లేరా? ఇంటికి నాలుగైదు. లారీ ఎక్కకుంట సూద్దాం."

శుక్రవారం పొద్దున ఏడు గంటలకే షేర్ ఆటోల్లో ఆడవాళ్లు వచ్చారు. గంపలు, సిమెంటు సంచులు, పాత చీరలు తెచ్చుకున్నారు. సారక్క రెండు రోజులు ఫోన్లో మాట్లాడి, క్వార్టర్ల లైన్లన్నీ తిరిగి చెప్పి వచ్చింది. నలభై మందికి పైగా ఉన్నారు. వెనకాల ఇంకా వస్తున్నారు.

ధరణి ఒక కాగితం రాసి, జిరాక్సులు తీయించి తెచ్చింది. అందరినీ కూర్చోబెట్టి చదివింది. కోడిని పంజరంలో పెట్టను, నీళ్లూ నీడా ఇస్తాను, దాన్ని కోయను, కోయడానికి అమ్మను. కింద సంతకం, లేదా వేలిముద్ర.

చదవడం అయిపోయాక ఎవరూ ముందుకు రాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరుసలో కూర్చున్న ముసలామె లేచింది. పేరు ఓదెమ్మ. భర్త బాయిలో పనిచేస్తూ పోతే, ఆయన ఉద్యోగం కొడుక్కు వచ్చింది. కొడుకుతో, కోడలితో లైన్ క్వార్టర్లో ఉంటుంది. చెవులకు బరువైన గంటీలు, భుజం మీద ఖాళీ గంప.

"బిడ్డా, నేను నిశాని పెట్ట" అంది.

"ఎందుకు?"

"మేం తినేటోళ్లం. మొన్న మేడారం వోయి మొక్కుకు కోడిని కోసినం. సుట్టాలొస్తె కోస్తం. కొయ్యనని రాసిచ్చి రేపు కోస్తె అబద్ధమైతది. అబద్ధం మీద తీస్కపోయిన కోడి నాకెందుకు?"

వెనకనుంచి ఒకరిద్దరు అవునన్నట్టు తల ఊపారు. ధరణి చేతిలో జిరాక్సుల కట్ట బరువుగా అనిపించింది. పన్నెండేళ్లలో ఆమె ఈ ఒక్క విషయంలో మెత్తబడలేదు. స్నేహాలు పోయినా, అమ్మ మాణిక్యాంబ బతిమాలినా మెత్తబడలేదు. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ మనిషి కోస్తానని దాచకుండా చెబుతోంది. లోపల పంజరాల్లో పద్దెనిమిది వందలు ఉన్నాయి. పది గంటలకు లారీ వస్తుంది.

"కోసేదాకా ఎలా ఉంచుతావు?" అడిగింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఓదెమ్మ కొంచెం ఆలోచించింది. ఎవరూ ఎన్నడూ అడగని ప్రశ్న కాబోలు. "ఎట్లుంచుడేంది? పొద్దుగాల గంప లేపుత. దాని ఇష్టమున్నకాడికి వోతది, గోక్కుంటది. నూకలేస్త. కుక్క వస్తె కట్టె వట్టుకుంట. పొద్దుగూకంగ దానంతల అదే వస్తది. ఇంకేమున్నది నా దగ్గెర?"

ధరణి కాగితాలను మడిచి సంచిలో పెట్టేసింది. తర్వాత షెడ్డులోకి వెళ్లి, మొదటి రెండు పంజరాలు తెరిచి, రొమ్ము కింద చెయ్యి వేసి ఒక్కోదాన్నీ తెచ్చి, తన చేత్తోనే ఓదెమ్మ గంపలో పెట్టింది. ఆరు పట్టాయి. అది సరైన పనో కాదో అప్పుడు ఆమెకు తెలియదు. బరువు మాత్రం తెలిసింది. ఒక్కో కోడి బరువూ విడివిడిగా, మణికట్టుదాకా.

పది గంటలకు లారీతో వచ్చిన వీరేందర్‌కు ఏం జరుగుతోందో ముందు అర్థం కాలేదు. షెడ్డు ముందు జాతరలా ఉంది. గంపల్లో పట్టనివాటిని ఆడవాళ్లు నేల మీద వదిలారు. రెండు మూడు వందల కోళ్లు తుమ్మ చెట్ల కింద మట్టిలో పొర్లుతున్నాయి. దుమ్ము పొగలా లేచి ఎండలో నిలబడింది.

"ఏంది కాక గిది? లారీ తెచ్చిన, ఖాళీగ పోవాల్నా నేను?" అన్నాడు లింగమూర్తితో.

"ఖాళీగ ఎందుకు వోతవ్? కాలనీకి నడుపు."

వీరేందర్ ఏదో అనబోయాడు. కానీ అతని కళ్లు చెట్ల కిందే ఉన్నాయి. పదిహేనేళ్లుగా ఈ కోళ్లను కాళ్లు పట్టి బుట్టల్లోకి విసిరినవాడు. నాలుగడుగులు ముందుకు వేసి, గొంతుక్కూర్చున్నాడు. ఒక కోడి అతని చెప్పు మీద దుమ్ము పోసింది. "అరె" అన్నాడు. "గియి గిట్ల గూడ జేస్తయా?"

అతను లేచి, లారీ తలుపు తీసి బుట్టలు దించడం మొదలుపెట్టాడు. "బుట్టకు పది పెట్టుండ్రి. ఎక్కువ పెడితె ఉక్కిరైతయి" అన్నాడు. రోజూ ముప్పై కుక్కేది అతనే.

ఆ రోజంతా లారీ క్వార్టర్ల లైన్లలో తిరిగింది. ధరణి వెనక బుట్టల మధ్య నిలబడింది. ప్రతి లైను మొదట్లో సారక్క దిగి కేకేసేది, తలుపులు తెరుచుకునేవి. ఫస్ట్ షిఫ్టు వదిలాక మగవాళ్లు కూడా బొగ్గు మొహాలతోనే వచ్చి నిలబడ్డారు. ఒకతను నవ్వుతూ "కూరకు ఎంత మాంసం ఎల్లుతది అక్కా?" అని అడిగాడు. సారక్క అతని చేతికి కోడిని ఇవ్వలేదు. నేల మీద దించి, "ఇది జెర్ర నడిసేది సూసి చెప్పు" అంది. అతను చూశాడు. చాలాసేపు చూశాడు. రెండింటిని తీసుకుని వెళ్లాడు, ఏం చేస్తాడో చెప్పకుండానే.

అన్నీ బతకలేదు. పదమూడు దారిలోనే, చేతుల్లోనే పోయాయి. గుండెలు అంత వెలుతురును తట్టుకోలేకపోయాయేమో. సాయంత్రం లింగమూర్తి షెడ్డు వెనక గుంట తవ్వి వాటిని పాతిపెట్టాడు. ధరణి పక్కనే కూర్చుని పృథ్వీరాజ్‌కి ఫోన్ చేసింది.

"షెడ్డు ఖాళీ అయింది. సోమవారం యంత్రాలు పంపించు."

"అనుకున్నట్టే అయిందన్నమాట."

"కాలేదు. ఐదో పేజీలో ఆ వాక్యం ఇక నేను రాయను. తర్వాతి షెడ్డుకి వారం ముందే వచ్చి కూర్చుంటాను. ఏ కోడి ఎవరింటికి వెళ్తుందో తెలిశాకే సంతకం."

"దాని బదులు ఏం రాయమంటావు?"

"ఇంకా తెలియదు" అంది ధరణి. అది నిజం.

ఆదివారం సాయంత్రం బండికి హైదరాబాద్ వెళ్లిపోవాలి. సంచి సర్దుకుని స్టేషనుకు వెళ్తూ, ఆటోను కాలనీ వైపు తిప్పించింది. ఓదెమ్మ క్వార్టరు లైను చివరిది. వెనక చిన్న పెరడు, బట్టలుతికే రాయి, ప్రహరీ గోడ, గోడ మీదికి వంగిన జామచెట్టు. ఓదెమ్మ రాయి మీద కూర్చుని బియ్యంలో మెరిగెలు ఏరుతోంది. ధరణిని చూసి జరిగి చోటిచ్చింది. కూర్చోగానే, ఇంకే మాటా లేకుండా చెప్పింది.

"ఒకదాన్ని కోసిన బిడ్డా. పొద్దుగాల నా కొడుకు దోస్తులొచ్చిండ్రు. నీకు అబద్ధం జెప్ప."

ధరణి కళ్లు మూసుకుంది. ఆ మాట వస్తుందని తెలుసు. తెలిసి ఉండడం వల్ల ఏమీ తగ్గలేదు. శుక్రవారం తన మణికట్టుకు తెలిసిన ఆ ఆరు బరువుల్లో ఏది పోయిందో గుర్తుపట్టాలని ప్రయత్నించింది. గుర్తుపట్టలేకపోయింది. లేచి వెళ్లిపోవాలనిపించింది. వెళ్లలేదు.

"మిగతావి?" అంది కాసేపటికి.

ఓదెమ్మ గడ్డంతో పైకి చూపించింది.

ధరణి తలెత్తింది. జామచెట్టు కొమ్మ మీద, ఆకుల మధ్య, నాలుగు తెల్ల కోళ్లు వరసగా కూర్చుని ఉన్నాయి. రెండు రోజుల కిందటిదాకా నడవడం కూడా రానివి. మనిషి ఎత్తు కొమ్మ మీద, పొద్దు వాలే వైపు మొహం పెట్టి, ఒకదానికొకటి ఆనుకుని. చివరి ఎండ వాటి రొమ్ముల మీద పడి, ఈకలు రాలిన మెడలతో సహా అవి వెలుగుతున్నాయి.

"ఎట్ల ఎక్కినయి?" తనకు తెలియకుండానే అంది. ఆమె తండ్రి చక్రపాణి ఈ గనుల్లోనే సర్వేయరుగా చేశాడు. పదో తరగతిదాకా ఆమె ఇక్కడే పెరిగింది. ఆ యాస నోట్లోంచి పోయి ఇరవై ఏళ్లయింది.

"నిన్న మాపటికి గంప బోర్లిద్దామని సూస్తె లెవ్వు. కుక్క వట్టుకవోయిందనుకున్న. ఎతికి ఎతికి మీదికి సూస్తె, గీడ గూసున్నయి, రాజుల లెక్క. ఇంకోటి ఉన్నది, దానికి రాదు. అగో."

ఐదో కోడి గోడ మీద ఉంది. కొమ్మ వైపు మెడ చాచి, ఒళ్లు కుదించుకుని ఎగిరింది. అందలేదు. కింద మట్టిలో పడి, లేచి, రాయి మీదికీ, రాయి మీంచి గోడ మీదికీ మళ్లీ ఎక్కింది. మళ్లీ మెడ చాచింది. ధరణి లేవబోయింది, ఎత్తి కొమ్మ మీద పెడదామని. ఓదెమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. గరుకు చెయ్యి, గట్టి పట్టు. వద్దని తల ఊపింది.

కోడి ఎగిరింది. ఈసారి రొమ్ము కొమ్మకు తగిలింది. రెక్కలు టపటపా కొట్టుకున్నాయి, రెండు ఆకులు రాలాయి. వంకర గోళ్లు బెరడు మీద జారి, జారి, పట్టుకున్నాయి. అది ముందుకూ వెనక్కూ ఊగింది. పక్కనున్నది కొంచెం జరిగింది. ఊగడం ఆగిపోయింది. వేళ్లు కొమ్మ చుట్టూ ఒక్కొక్కటే బిగుసుకోవడం కింద నుంచి స్పష్టంగా కనిపించింది.

ధరణి ఫోన్ సంచిలోనే ఉంది. తీయాలన్న ఆలోచనే రాలేదు. బయట ఆటో అతను హారన్ కొట్టాడు. ఆమె వినలేదు. ఐదూ ఒకదాని తర్వాత ఒకటి మెడలు ఈకల్లోకి లాక్కుంటున్నాయి. కింది రెప్ప పైకి లేచి కన్ను మూతపడుతోంది, తెరుచుకుంటోంది, మళ్లీ మూతపడుతోంది. ఏదో అనబోయి ఆమె పెదవులు తెరిచింది.

ఓదెమ్మ ఒడిలోని బియ్యం చాటను చప్పుడు కాకుండా కింద పెట్టింది. పట్టుకున్న మణికట్టును వదలకుండానే ఆమె చెవి దగ్గరికి వంగింది.

"మాట్లాడకు బిడ్డా" అంది గుసగుసగా. "నిద్ర వోతున్నయి."